టచింగమ్మ దాచిన ఫోటోలు

ముఖం మీద మొటిమ పోవాలన్నా, నెరిసిన జుట్టు నల్లబడాలన్నా, విడిపోయిన అల్లుడు పెళ్ళి ఫోటోలోంచి మాయమైపోవాలన్నా ఆ వీధి జనం వెళ్ళేది టచింగమ్మ దగ్గరికే. ఫోటోకి మెరుగులు దిద్దే పనిని స్టూడియోల్లో టచింగ్ అంటారు. ముప్పై నాలుగేళ్ళుగా అదే పని చేస్తున్న మనిషికి ఆ పనే పేరై కూర్చుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది పోస్ట్‌మాన్‌కీ ఒక వారపత్రిక ఎడిటరుకీ తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

ఎడిటరుకి ఎందుకంటే, ఆవిడ కథలు రాస్తుంది. అత్తాకోడళ్ళ కథలైతే వీధిలో నలుగురూ చదివేవాళ్ళు, తమ గురించే రాసిందని పోట్లాటకైనా వచ్చేవాళ్ళు. ఈవిడ రాసేవి వేరే గ్రహాల కథలు. రెండు సూర్యుళ్ళున్న ఊళ్ళు, నీడల్ని అద్దెకిచ్చే మనుషులు, వానకి బదులు చప్పుడు కురిసే ఆకాశాలు. "ఉన్న ఒక్క సూర్యుడికే మాడి చస్తున్నాం, ఈవిడకి రెండోవాడు కూడా కావాలిట" అనేది వదిన.

వదిన అంటే స్టూడియో యజమాని భార్య. ఆ యజమాని టచింగమ్మకు స్వయానా అన్నయ్య, ఆమెకన్నా పదేళ్ళు పెద్ద. ఊరంతా ఆయన్ని ఫోటో మాస్టారంటుంది. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు అన్నావదినల కాపురం. మధ్యలో, ఒకప్పుడు ఫిల్ము కడిగిన చీకటి గది. దానికి కిటికీ లేదు. గోడకి ఎర్ర బల్బు, మూలన సిమెంటు తొట్టి, ఎంత కడిగినా పోని మందు వాసన. ఫిల్ముల కాలం పోయాక అందులోనే ఒక మంచం, ఒక కంప్యూటరు వేసుకుని టచింగమ్మ ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. రెండు మూడు సంబంధాలు వచ్చి, పిల్ల గ్రహాల గురించి మాట్లాడుతోందని భయపడి పారిపోయాయని వదిన చెబుతుంది. వదిన ఏం చెప్పినా అందులో సగం తీసేసి వినాలి.

ఆ గ్రహాల పిచ్చి తండ్రి వల్ల అంటుకుంది. ఆయన స్టూడియో తెరల మీద బొమ్మలు వేసేవాడు. ఫోటో దిగేవాళ్ళ వెనక వేలాడే పెద్ద గుడ్డ మీద పాలరాతి మెట్లు, పూలకుండీలు, పైన పళ్ళెమంత చంద్రుడు. "చంద్రుడు అంత పెద్దగా ఉండడు కదా నాన్నా?" అని ఆరేళ్ళ పిల్ల అడిగింది. నిజానికి ఆయనకి కొలత తప్పింది. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక, "అది మన చంద్రుడు కాదులేవే, వేరేవాళ్ళది" అన్నాడు. ఆ వేరేవాళ్ళు ఎవరో తెలుసుకుందామని ఆ పిల్ల ఏళ్ళ తరబడి ఆ తెర ముందు కూర్చుంది.

తండ్రి పోయాక స్టూడియో అన్నయ్య చేతికొచ్చింది. చెయ్యి తిరిగిన ఫోటోగ్రాఫరు, ముక్కు మీద కోపం. వందమంది ఉన్న గ్రూపు ఫోటోలో చివరివాడి చిటికెన వేలు తెగినా సరే, ఆ ప్రింటు చింపి బుట్టలో పారేసేవాడు. "తెగిన ఫోటో చేతికిచ్చే బదులు షట్టరు దించుకోవడం నయం" అనేవాడు. చెల్లెలికి పని నేర్పింది ఆయనే, తిట్టీ మొట్టీ. ఎర్ర దీపం కింద, మందునీళ్ళలో మునిగిన తెల్ల కాగితం మీద ఒక ముఖం మెల్లగా తేలడం ఆమెకు మొదటిసారి చూపించి, "చూశావా, ఎక్కణ్ణించి వస్తున్నారో!" అని తనే ముందు మురిసిపోయాడు. అన్నయ్యంటే ఆమెకు ప్రాణం. ఈ సంగతి ఇప్పుడే చెప్పుకోవడం మంచిది. తర్వాత ఆమె చేసింది విన్నాక చెబితే ఎవరూ నమ్మరు.

ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు స్కూలు గ్రూపు ఫోటో ఒకటి చెడిపోయింది. కెమెరా మూత సరిగ్గా పడక ఫిల్ములోకి వెలుతురు దూరింది. వెనక వరస పిల్లల తలల మీద తెల్లటి మంట లేచినట్టు పడింది. అన్నయ్య తిట్టుకుంటూ బుట్టలో వేశాడు, చెల్లెలు తీసి దాచుకుంది. వారం తిరిగేలోపు కథ రాసింది. ఒక గ్రహంలో ఆకాశం బాగా కిందికి ఉంటుంది, పిల్లలు పొడుగెదిగితే తల తగిలి కరిగిపోతారు, అందుకని తల్లులు వాళ్ళని ఎదగనివ్వరు. పత్రికవాళ్ళు వేసుకున్నారు. ఇక అప్పటినుంచి ఆమెకు అదే పద్ధతి. పసుపు బారినవి, ఒకదాని మీద ఒకటి పడినవి, కదిలిపోయి ముఖాలు చెరిగినవి, అన్నీ బుట్టలోంచి ఆమె బల్ల మీదికి చేరేవి. ఎదురుగా చెడిపోయిన ఫోటో ఒకటి లేనిదే ఒక్క వాక్యం పడేది కాదు. "బాగున్న ఫోటో అన్నీ చెప్పేస్తుంది వదినా. చెడిపోయిందైతే మనల్నే అడుగుతుంది" అని ఒకసారి చెప్పబోయింది. "అయితే నా పెళ్ళి ఫోటో ఏమడుగుతుందో చూడు, మీ అన్నయ్య నవ్వు ఎక్కడ పారేసుకున్నారో" అంది వదిన.

తర్వాత కొత్త కెమెరాలొచ్చాయి. ఫిల్ము లేదు, మందు లేదు, కడగడం లేదు. తప్పు పడితే అక్కడికక్కడే చూసుకుని ఇంకోటి తీసుకోవచ్చు. బుట్ట ఖాళీ అయింది, దాంతోపాటు టచింగమ్మ బుర్ర కూడా. ఒక ఏడాది చూసింది, రెండేళ్ళు చూసింది. లైబ్రరీలో చిత్రకారుల పుస్తకాలు తిరగేసింది. ఊళ్ళో బొమ్మల ప్రదర్శన పెడితే వెళ్ళి రెండు గంటలు నిలబడి, కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ లేకుండా తిరిగొచ్చింది. ఎడిటరు ఫోను చేసినప్పుడల్లా "రాస్తున్నానండీ" అనేది. ఆరేళ్ళు అలా గడిచాయి. కథ రాయని ఆరేళ్ళలో ఆవిడ మనిషి కూడా చిక్కిపోయింది. వదినే జాలిపడి, "పోనీ ఒక్క సూర్యుడితోనే సరిపెట్టుకుని ఏదో ఒకటి రాయకూడదటే" అంది.

ఆ ఏడో ఏట బ్యాంకు మేనేజరు ఒకాయన రిటైరయ్యాడు. వీడ్కోలు ఫోటోకి అన్నయ్య ఒక్కడే వెళ్ళి వచ్చాడు. కంప్యూటర్లో తెరిచి చూసి టచింగమ్మ తెల్లబోయింది. పదకొండుమంది వరసగా నిలబడ్డారు. ఎడమ చివర ఉన్న వాచ్‌మన్ సగమే ఉన్నాడు. చెవి, భుజం, చెయ్యి ఫోటో అంచు దగ్గర తెగిపోయాయి. కుడి పక్కన గోడకి ఎవరిదో నిచ్చెన ఆనించి ఉంది. వరసగా నాలుగు ఫోటోలు తీశాడు, నాలుగూ అంతే. చిటికెన వేలు తెగితే చింపేసే మనిషి!

పిలిచి చూపించాలనే లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఎందుకో మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది. ఆ సగం మనిషి ఒంటి కంటితో ఆమెనే చూస్తున్నాడు. మిగతా సగాన్ని ఎవరో పని మీద పిలిస్తే అటు వెళ్ళి ఇంకా రానట్టుంది. ఆరేళ్ళ తర్వాత మొట్టమొదటిసారి ఆమె లోపల ఏదో కదిలింది. వచ్చి కూర్చుంది. కాసేపు అలాగే చూసి, తర్వాత పని మొదలుపెట్టింది. వాచ్‌మన్ కుడి చెవిని తిప్పి ఎడమకి అతికించింది. కుడి భుజంలోంచి ఎడమ భుజం చేసింది. గోడని ఇంకో జానెడు పెంచింది, నిచ్చెనని చెరిపేసింది. రెండు గంటల్లో ఫోటో నిండుగా తయారైంది. బ్యాంకువాళ్ళు భేషుగ్గా ఉందన్నారు, పెద్దది చేయించి గోడకి తగిలించుకున్నారు. అసలుదాన్ని టచింగమ్మ చిన్న ప్రింటు తీసి, వెనక తేదీ వేసి, బూట్ల డబ్బాలో పెట్టుకుంది.

అన్నయ్య మనసు కష్టపెట్టడం ఎందుకని చెప్పలేదు. అరవై దాటిన మనిషి, ఏదో పరాకుగా ఉన్నాడేమో, ఒకసారికి ఏముంది అనుకుంది. అది నిజమే. పూర్తి నిజం మాత్రం కాదు.

వారం రోజుల్లో కథ వచ్చింది. ఒక లోకంలో వెలుతురు ఒక్క పక్క నుంచే వస్తుంది. వెలుతురు పడని పక్క మనిషికి ఉండదు. ఉన్న సగంతోనే తింటారు, నడుస్తారు, పెళ్ళాడతారు, లేని సగం గురించి ఎవరికీ తెలియదు. ఎడిటరు అందిన రోజే ఫోను చేశాడు. "ఇన్నాళ్ళూ ఏమైపోయారమ్మా మీరు? ఇది ఒక్క కథతో ఆపకండి, ఇలాంటివి వరసగా రాయండి" అన్నాడు. ఆ వరసకి "అంచు తెగిన లోకం" అని ఆయనే పేరు పెట్టాడు.

అక్కడినుంచి ఫోటోలు వస్తూనే ఉన్నాయి. సగం పెళ్ళికూతురు. నడి నెత్తి దగ్గర తెగిన హెడ్మాస్టరు. తల్లి ఒడిలోంచి కాళ్ళు మాత్రం కనిపిస్తున్న పసివాడు. అన్నయ్య కెమెరా వెనక చిన్న తెర మీద చూసుకునేవాడు గానీ, చూసే కన్ను తీసిన కన్నే కదా, అందులో ఆయనకి లోటేమీ కనిపించేది కాదు. కార్డు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టేవాడు. చెల్లెలు చెవులు మొలిపించేది, భుజాలు కట్టేది, నెత్తులు పూడ్చేది. ఊరికి నిండు మనుషులు, డబ్బాలోకి సగం మనుషులు. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫోటో మాస్టారి చెయ్యి వయసుతో ఇంకా పదునెక్కిందని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

టచింగమ్మకి ఏమీ తెలియదనడానికి లేదు. లైటు స్టాండు తన్నుకుని పడబోవడం చూసింది. టీ గ్లాసుకి పక్కన పోయడం చూసింది. ట్రాఫిక్ పెరిగిపోయిందంటూ ఆయన స్కూటరు మూలన పెట్టేయడం చూసింది. "కళ్ళు నెత్తికెక్కాయా ఏమండీ, గుమ్మాన్ని గుద్దుకుంటారేం" అని వదిన రోజూ అరుస్తూనే ఉంది. వదినతో చెబుదామంటే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. అలా అనుకుని అక్కడా ఊరుకుంది. వంకలకేం, వెతికితే వందొస్తాయి.

ఒక్కసారి మాత్రం నోరు తెరిచింది. మధ్యాహ్నం, స్టూడియోలో జనం లేరు. అన్నయ్య లెన్సు తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, ఒకసారి కళ్ళు చూపించుకోకూడదూ?"

"నా కళ్ళకేమొచ్చింది?" అని ఆయన తుడవడం ఆపాడు. "నాకు కళ్ళ పరీక్ష నా ఫోటోలేనే. నిన్నటి పెళ్ళి ఫోటోల్లో ఏమైనా తేడా వచ్చిందా, చెప్పు. వస్తే ఇప్పుడే వెళతాను."

ఆ నిన్నటి ఫోటోల్లో సగం పెళ్ళికూతురు అప్పటికింకా ఆమె కంప్యూటరు మీదే ఉంది. ఆ బొమ్మ మీద కథ కూడా సగంలో ఉంది.

"లేదు, బాగానే వచ్చాయి" అంది.

"మరింకేం" అని ఆయన మళ్ళీ లెన్సు తుడుచుకోసాగాడు.

కంచే చేను మేసిందంటారే, అదీ జరిగింది. అబద్ధం ఆడినందుకు ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు. మర్నాడు కథ పూర్తయింది, చాలా బాగా వచ్చింది, సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషానికి ఆమె ఈ రోజుకీ సిగ్గుపడుతుంది.

పదకొండు కథలయ్యాక పత్రికవాళ్ళు ఆ ఏటి బహుమతి ఇచ్చారు. ప్రశంసాపత్రం పోస్టులో వచ్చింది. ఆమె కథ ఒక్కటీ చదవని అన్నయ్య, స్వయంగా వెళ్ళి దానికి ఫ్రేము కట్టించుకొచ్చాడు. నాన్న వేసిన పాత తెర బయటికి తీసి, ఆ పెద్ద చంద్రుడి కింద చెల్లెల్ని నిలబెట్టి, "గడ్డం కొంచెం దించు. నవ్వవే, ఏడుపు ముఖం దానా" అని ఫోటో తీశాడు. తెరిచి చూస్తే ఆమె ఎడమ చెయ్యి లేదు, ప్రశంసాపత్రం సగమే ఉంది. తన చెయ్యి తనే అతికించుకుని, అక్షరాలు పేర్చుకుని, ఫోటో ముందు గదిలో తగిలించింది. అసలుది డబ్బాలోకి వెళ్ళింది. దాని మీద పన్నెండో కథ రాసింది.

ఆ తర్వాత ఏడాదిన్నరకి స్కూలు వార్షికోత్సవంలో ఫోటోలు తీస్తూ అన్నయ్య స్టేజీ అంచు చూసుకోక కింద పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు, అంత వెడల్పు అంచు ఎలా కనబడలేదని అడిగి అడిగి, చివరికి కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. చెల్లెలు తోడు వెళ్ళింది.

డాక్టరమ్మ గడ్డం ఆనించే యంత్రం ముందు కూర్చోబెట్టి, చుక్కలు చూపించి, బటన్ నొక్కమంది. అన్నయ్య చాలాసేపు ఏ బటనూ నొక్కకుండా కూర్చున్నాడు. చుక్కలు ఇంకా రావడం లేదనుకున్నాడు పాపం. బయటికొచ్చిన కాగితం నిండా నలుపే, మధ్యలో రూపాయి బిళ్ళంత తెలుపు.

"ఇది గ్లకోమా అండీ. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు, చెప్పకుండా వస్తుంది. పక్క చూపు ముందు పోతుంది. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమది కొంచెం మిగిలింది" అంది డాక్టరమ్మ. తర్వాత కాగితం మీద ఆయన వృత్తి చూసి ఆశ్చర్యపోయింది. "మీరు ఫోటోగ్రాఫరా? అయితే మీకు అందరికన్నా ముందు తెలియాలే! మీ ఫోటోల్లో అంచులు తెగుతూ ఉండాలి. చూసుకోలేదా?"

"ఒక్కటి తెగలేదమ్మా" అన్నాడు అన్నయ్య, కాస్త రోషంగా. "మూడేళ్ళ ఫోటోలు ఊళ్ళో గోడల మీదున్నాయి. కావాలంటే వెళ్ళి చూడండి. మా చెల్లెలే సాక్ష్యం, ఇదిగో, పక్కనే ఉంది."

డాక్టరమ్మ చెల్లెలి వంక చూసింది. చెల్లెలు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది.

"రెండేళ్ళ ముందు వచ్చుంటే చుక్కల మందుతో ఆపేవాళ్ళం. పోయింది తిరిగి రాదు. మిగిలింది ఉన్నన్నాళ్ళు ఉండేలా చూద్దాం" అంది డాక్టరమ్మ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు టచింగమ్మ సేవ మొదలుపెట్టింది. మూడు పూటలా గడియారం చూసి మందు చుక్కలు వేసేది. గ్లాసు చేతికందించేది, గుమ్మం వస్తే చెప్పేది. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తనే తీసేది. ఎడిటరు ఫోను చేస్తే "ఇప్పుడు కుదరదండీ" అని పెట్టేసేది. వదిన కూడా నోరు తగ్గించి, "అన్నయ్యని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నావమ్మా" అని మెచ్చుకుంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా టచింగమ్మకి ఎటైనా పారిపోవాలనిపించేది. చెప్పెయ్యాలని రోజూ అనుకునేది. రోజూ అనుకోవడంతోనే సరిపోయేది.

ఒకరోజు పన్నెండింటికి షట్టరు సగం దించి ముగ్గురూ స్టూడియోలోనే కూర్చున్నారు. అన్నయ్య, ఫోటో దిగేవాళ్ళ కుర్చీలో కూర్చుని, ఉన్నట్టుండి అన్నాడు.

"ఏమే, నీ కథ ఒకటి చదువు."

"నీకెందుకు అన్నయ్యా అవి. నచ్చవు నీకు."

"ఇన్నాళ్ళూ ఫోటోలు చూసుకునేవాణ్ణి, నీ కథలు పట్టించుకోలేదు. ఇప్పుడు చెవులే గతి. చదువు."

పాతకాలపు కథ ఏదో చదివి గట్టెక్కుదామనుకుంది. ఈలోగా వదిన లోపల్నుంచి పత్రిక పట్టుకొచ్చింది. "ఇదిగో, ఆ బహుమతి వరసలో మొదటిది. నేను దాచాను. నాకు అర్థం కాలేదనుకో, దాచడానికి అర్థం కావక్కర్లేదుగా" అంది.

ఇక తప్పలేదు. చదవడం మొదలుపెట్టింది. వెలుతురు ఒక్క పక్క నుంచి వచ్చే లోకం. గోడ ముందు పదకొండుమంది. చివరివాడికి ఎడమ చెవి లేదు, భుజం లేదు. అవతలి పక్కన గోడకి ఒక నిచ్చెన, పైకి ఎటూ వెళ్ళనిది.

"ఆగు" అన్నాడు అన్నయ్య. "పదకొండుమంది, నిచ్చెన. ఇది బ్యాంకువాళ్ళ ఫోటో కదూ?"

ఆమె పత్రిక ఒళ్ళో పెట్టుకుంది.

"నిచ్చెన అడ్డంగా ఉందని తియ్యమన్నాను. సరే అన్నారు. తీసే ముందు చూశాను, లేదు. నువ్వు ఆ రోజు రాలేదుగా. నిచ్చెన సంగతి నీకెలా తెలుసు?"

"ఫోటోలో ఉంది అన్నయ్యా."

"ఫోటోలో ఎక్కడుందీ? బ్యాంకు గోడ మీద నా కళ్ళతో చూశాను. నిచ్చెన లేదు. వాచ్‌మన్ నిండుగా ఉన్నాడు, చెవితో సహా."

"నిచ్చెన నేను తీసేశాను. చెవి నేను పెట్టాను."

వదిన చేతిలో విసనకర్ర ఆగిపోయింది. అన్నయ్య నేల వైపు ముఖం తిప్పుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఇది ఎప్పటి మాట?"

"మూడేళ్ళ నాలుగు నెలలైంది."

ఆయన వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన రెండేళ్ళు ఎక్కడ పడతాయో చూసుకున్నాడు.

"ఇది ఒక్కటేనా?"

"నూట నలభై మూడు."

"నేను అడిగాను కదే నిన్ను. లెన్సు తుడుస్తూ అడిగాను. ఏమైనా తేడా వచ్చిందా అని."

"అడిగావు."

"బాగానే వచ్చాయన్నావు."

"అన్నాను."

"నేను బాధపడతాననా?"

ఔనంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు కూడా. ఇంక అబద్ధమాడే ఓపిక ఆమెలో లేకపోయింది. "మొదట అదే అనుకున్నాను. అది కాదు. ఆ ఫోటోలు నాకు కావలసొచ్చాయి అన్నయ్యా. ఆరేళ్ళ తర్వాత కథలొస్తున్నాయి. నువ్వు బాగుపడితే ఆగిపోతాయేమోనని..." అని, మిగతాది చెప్పలేక ఏడ్చింది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. గోడ మీది ఫోటోల వైపు ముఖం తిప్పి, అవి కనబడుతున్నట్టే కాసేపు ఉండి, "అయితే మూడేళ్ళుగా ఊరి గోడల మీదున్నవి నా ఫోటోలు కావన్నమాట" అన్నాడు.

చెల్లెలి వైపు తిరిగాడు.

"నావి ఎక్కడున్నాయి?"

"డబ్బాలో."

"తీసుకురా."

ముప్పై ఏళ్ళుగా ప్రతిదానికీ నోరు పారేసుకున్న వదిన, ఆ రోజు ఆడపడుచుని ఒక్క మాట అనలేదు. లేచి లోపలికి వెళుతూ, "నా చెవిన ఒక్క ముక్క వేసుంటే వీధంతా చాటేదాన్ని. చాటితే ఏమయ్యేది? కళ్ళుండేవి" అంది. ఆ సాయంత్రం నుంచి మందు చుక్కలు ఆవిడే వేసింది.

మర్నాటి నుంచి అన్నయ్య పొద్దున్నే షట్టరు పూర్తిగా ఎత్తించి, గుమ్మం దగ్గర ఎండ వెలుతురులో కూర్చునేవాడు. చెల్లెలు డబ్బా పట్టుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చునేది. రోజుకి మూడో నాలుగో ఫోటోలు, తేదీల వరసన. ఆయన ఫోటోని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని, మిగిలిన ఆ బిళ్ళంత చూపులోంచి కొంచెం కొంచెంగా జరుపుకుంటూ చూసేవాడు. ముక్కు, చెంప, చెవి, అంచు. అంచు తగలగానే బొటనవేలితో తడిమేవాడు. "ఎవరు వీళ్ళు? ఇక్కడ ఎవరుండాలి?" అనడిగేవాడు. ఆమె చెప్పేది. అంతకు మించి ఆ రోజంతా ఆమెతో మాట్లాడేవాడు కాదు. ఎడిటరు ఇంకో కథ కోసం మనిషిని పంపిస్తే, ఇంక రాయనని ఆమె గుమ్మంలోనే చెప్పి పంపేసింది. అన్నయ్య విన్నాడో లేదో తెలియదు.

మందు వేస్తూనే ఉన్నా ఆ బిళ్ళ చిన్నదవుతూ వచ్చింది. రోజుకి నాలుగు ఫోటోలు రెండయ్యాయి, తర్వాత ఒకటయింది. ఆయన ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఒక్కో ఫోటోకి పట్టే సమయాన్ని బట్టి చెల్లెలికి తెలిసేది. ఎవరూ అడగకుండానే, తీసినవాడి కళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఫోటో చూసి చెప్పగలిగే మనిషి ఆమె. మొదటినుంచీ చెప్పగలిగేది.

తొంభై ఆరో ఫోటో ఆయన చేతికిచ్చింది. ఆయన కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. దూరంగా పెట్టి మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. ఎండ ఆయన మోకాళ్ళ మీద పడుతోంది.

"ఇది నల్లగా ఉందేమిటే? ప్రింటు పాడైందా?"

"పాడవలేదు అన్నయ్యా."

ఆయన ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత ఫోటోని ఆమె వైపు చాపాడు. ఆమె చెయ్యి ఉన్న చోటికి కాదు, కొంచెం పక్కకి. ఆమె జరిగి అందుకుంది.

"నువ్వే చెప్పు. ఇక మిగతావన్నీ నువ్వే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నీ కథల్లోలాగా కల్పించకు. ఎవరిది?"

"నాది."

"ఏం కనబడుతోంది?"

"వెనక నాన్న తెర. మెట్లు, కుండీలు, చంద్రుడు. చంద్రుడు మొత్తం పడ్డాడు. ముందు నేను. నీలం చీర. కుడి చేత్తో ఫ్రేము పట్టుకున్నాను. ఫ్రేము సగం ఉంది. ఎడమ పక్క భుజం దాకానే, అక్కడ తెగిపోయింది."

"ముఖం?"

"ఉంది."

"నవ్వమన్నాను ఆ రోజు. నవ్వుతున్నావా?"

ఆమె ఫోటో వంక చూసింది. కల్పించడానికి అందులో చోటు లేదు.

"నవ్వుతున్నాను అన్నయ్యా."

ఆయన తల ఊపాడు. తర్వాతది తియ్యమన్నట్టు చెయ్యి చాపాడు, మళ్ళీ ఏదో గుర్తొచ్చి ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తియ్యి" అన్నాడు. "ఇంకా నలభై ఏడున్నాయి."